మూల నుంచి మూలకి

నవంబరు 9, ఆదివారం

ఈ పుస్తకం కాఫీ సంఘం వాళ్ళు ఎప్పుడో ఇచ్చారు. అటక మీద పడి ఉంటే ఇవాళ దింపాను. మొదటి పేజీలో పేరు రాయమని ఉంది. కొర్రా సోంబరు అని రాశాను. నా చదువు మూడో తరగతి. అయినా నా అక్షరం పాతిన గుంజలా నిటారుగా ఉంటుంది. నోటితో చెప్పుకోలేనివి రాసుకుంటే మంచిదని మనవరాలు జయశ్రీ అంది. నోటితో చెప్పుకోలేనిది నాకేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, తెర చచ్చిపోయింది.

జయశ్రీ పాలిటెక్నిక్ ముగించి వచ్చేటప్పుడు పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకుంది. అందులో వేట ఆట ఉంది. అడవి, వాగు, దుప్పులు, చేతిలో విల్లు. నెల రోజుల నుంచి నేనూ ఆడుతున్నాను. ఉన్నమాట రాస్తున్నాను, ఆ పిల్ల గుంట కంటే నా గురి మంచిది. నిజం అడవిలో ఇప్పుడు బాణం వేస్తే కేసు పెడతారు. చైత్రంలో ఇటుకల పండగకి, అంటే మా వేట పండగకి, మగాళ్ళం వేటకని బయలుదేరతాం. సాయంత్రం దాకా చెట్ల కింద కూర్చుని ఉత్త చేతులతో తిరిగొస్తాం. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కొడతారు. ఏటా కొట్టించుకుంటున్నాం. ఈ ఆటలో కేసు లేదు, పేడనీళ్ళూ లేవు.

ఇవాళ మధ్యాహ్నం ఉరిమింది. కరెంటు పోయి వచ్చింది. తెర మీద నిలువునా ఆకుపచ్చ గీతలు పడ్డాయి. తర్వాత అంతా నలుపు. సరిగ్గా ఉరిమినప్పుడే దుప్పి తల ఎత్తింది. నా బాణం నారి మీదే ఉండిపోయింది.

"మానిటరు పోయింది తాతా. డబ్బాకేటీ అవలేదు," అంది జయశ్రీ.

"అయితే మానిటరే కొందాం."

పొయ్యి దగ్గర గంగ నవ్వింది. గంగ నా పెళ్ళాం. "డెబ్బయ్యేళ్ళ ముసిలోడికి బొమ్మల పెట్టి కావాలంట. ఊళ్ళో సెప్పకే గుంటా, నవ్వుతారు."

"మిరియాలమ్మిన డబ్బు నాది. పదివేలు. అది దాటేది లేదు. అందులో అన్నిటికన్నా మంచిది తెత్తాను. నవ్వేవోళ్ళని వొచ్చి సూసి నవ్వమను," అన్నాను.

నవంబరు 10

కాఫీ పళ్ళు కోస్తుంటే బొటనవేలు దానంతటదే కదులుతోంది. ఆట మీట నొక్కినట్టు.

నవంబరు 12, బుధవారం

జయశ్రీ ఫోను పట్టుకుని నాకు మానిటర్ల చదువు చెప్పింది. మూడో తరగతిలో మా మాస్టారు ఇంత బాగా చెప్పి ఉంటే నేను నాలుగో తరగతికి వెళ్ళేవాణ్ణి.

హెర్ట్జ్ అంటే ఒక్క సెకనులో తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. చచ్చిపోయినదానికి అరవై. ఇప్పుడు నూట నలభై నాలుగువి కూడా మన డబ్బులో దొరుకుతాయట. "దుప్పి గెంతినప్పుడు మద్దిలో ముక్కలు తప్పిపోవు తాతా. గెంతంతా కనబడతాది." నాకు వెంటనే ఎక్కింది. వేటగాడు దుప్పి ఉన్న చోటికి బాణం వెయ్యడు, రాబోయే చోటికి వేస్తాడు. వాడికి కావలసినవి ఆ మధ్య ముక్కలే. ఇది కనిపెట్టినవాడు ఎవడో వేట తెలిసినవాడు.

తర్వాత ప్యానెల్. ఒక రకం ప్యానెల్‌లో నలుపు బాగా నలుపు. చీకటి సినిమాలకి మంచిది. కానీ నల్లటి చోట ఏదైనా వేగంగా కదిలితే వెనక తోకలాగా మరక పడుతుంది. ఇంకో రకంలో నలుపు కొంచెం బూడిదగా ఉంటుంది, కానీ రంగులు సరిగ్గా ఉంటాయి. పక్కకి కూర్చున్నవాడికి కూడా అవే రంగులు కనబడతాయి.

గంగ చింతపండు గింజలు తీస్తూ విననట్టు అంతా విన్నది. "నాకు సినిమా కావాల. పెళ్ళిలో కోక ఎరుపంటే ఎరుపే అవ్వాల. నెత్తుటి రంగు కాదు, ఇటుక రంగు కాదు," అంది. మొన్న నవ్విన మనిషి.

వేగం కావాలి, రంగు కావాలి, పదివేలు దాటకూడదు. పక్కన కూర్చున్నవాడికీ బాగా కనబడాలి అన్నాను.

"పక్కన ఎవులు కూకుంటారు తాతా?"

"ఎవులో ఒకలు."

పెద్దదిగా కూడా ఉండాలి. ఈ ఆట ఇద్దరు ఆడితే తెర రెండు ముక్కలవుతుంది. ఎడమ సగం ఒకరికి, కుడి సగం ఒకరికి. ఎడమవాడు జాడ తీస్తాడు, కుడివాడు బాణం వేస్తాడు. ఇప్పటిదాకా ఎడమ సగం జయశ్రీది. పిల్ల తెలివైనదే, కానీ అడవిలో నడవడం రాదు. బస్సు అందుకోవాలన్నట్టు పరిగెడుతుంది. ఎండుటాకు చప్పుడుకి దుప్పులన్నీ పారిపోతాయి. అడవిలో నడవడం వచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే. అతని సంగతి ఇక్కడ రాయను.

నవంబరు 14, శుక్రవారం

అరకు వెళ్ళాం. వరహాలరావు కొట్లో ఇరవై నాలుగు అంగుళాలది ఒకటి ఉందని జయశ్రీ ముందే ఫోను చేసి కనుక్కుంది. నేను నా టేపు మొలలో దోపుకున్నాను. నలభై మూడు ఇళ్ళు కట్టిన టేపు.

మానిటరు బల్ల మీద పెట్టాడు. నల్లగా, పలచగా, ముద్దుగా ఉంది. నాకు తెగ నచ్చింది. అది కనబడనివ్వకుండా టేపు తీసి అడ్డంగా కొలిచాను. ఇరవయ్యొకటి. అది కూడా వడ్లగింజంత తక్కువ.

"ఇరవై నాలుగన్నావు. మూడంగుళాలు ఎవడు తిన్నాడు?"

వరహాలరావు నవ్వాడు. "తెరని అడ్డంగా కొలవరు తాతా."

"సంతలో తప్పు తూకమేసే షావుకార్లు కూడా ఇలగే నవ్వేవోరు."

"అయ్యో, కొలత నాది కాదు, కంపెనీది. మూల నుంచి మూలకి కొలవాల. ఇలా ఏటవాలుగా."

నేను టేపు చుట్టేశాను. ఇంకొక్క మాట వినలేదు. బయటికి వచ్చేశాను. జయశ్రీ వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"లోకమంతా అలగే కొలుత్తారు తాతా."

"లోకమంతా తప్పే."

"పరువు తీసేసినావు. ఆయన మా క్లాసుమేటు బాబాయి."

జీపులో ఆ గుంట నా వైపు వీపు పెట్టి కూర్చుంది. పకోడీలు కొనిచ్చాను, పక్కన పెట్టేసింది. నేనే తిన్నాను.

మూల నుంచి మూలకి అన్న ఆ మాట నన్ను ఎందుకు అంత మండించిందో రాసేస్తే ఒక పని అయిపోతుంది. రాస్తున్నాను.

మల్లేశు గంగకి అన్న. నాకు బావ. వాగు అవతల ఊరు. మీసాలు రాని రోజుల నుంచి వేటకి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. జాడ అతనిది, బాణం నాది. రెండేళ్ళ కిందట అతను కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. మూల గుంజలు నేనే పాతాను. పొడవు వెడల్పులకి టేపు వాడతాను కానీ మూలలకి నా కన్నే చాలు. నలభై మూడు ఇళ్ళు అలాగే నిలబెట్టాను. గుంజలు పాతడం అయ్యాక మల్లేశు ఒక తాడు తెచ్చాడు. ఈ మూల నుంచి ఆ మూలకి పట్టాడు. తర్వాత రెండో మూల నుంచి దాని ఎదుటి మూలకి పట్టాడు. రెండు కొలతలూ సమానమైతేనే ఇల్లు సూటిగా ఉన్నట్టు. జానెడు తేడా వచ్చింది. ఊరంతా చూస్తోంది.

"వంకరొచ్చింది బావా," అన్నాడు.

అంతే అన్నాడు. నేను నాలుగు గుంజలూ పీకి వాగులో పారేసి వచ్చాను. అప్పటి నుంచి మాటల్లేవు.

మొన్న వానల్లో అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. గంగ వెళ్ళింది, ఆసుపత్రిలో వారం ఉంది. నేను వెళ్ళలేదు. కాఫీ తోటలో పని ఉంది.

నవంబరు 15

వరహాలరావు దొంగ.

నవంబరు 16, ఆదివారం

గంగ వాగు దాటి అన్నను చూసి వచ్చింది. అంబలి తాగుతూ గిన్నెతో చెప్పినట్టు చెప్పింది.

"గోడేపు తిరిగి పడుకుంటన్నాడు. ఎవులు పిలిసినా తిరగడు. బాగున్న సెయ్యిని రోజూ ఆడించమన్నాడు డాక్టరు. బంతి ఇచ్చినారు, పిసకమని. ఇసిరేసినాడు. పిల్లోణ్ణేటి నేను అని. ఇలగే ఉంటే ఆ సెయ్యీ మొద్దుబారిపోద్దంట."

"నాకు పనుంది," అన్నాను. రమ్మని ఆమె నన్ను అడగనే లేదు.

"ఏటి పని?"

"మానిటరు సూడాల."

గంగ గిన్నె తీసుకుని లేచిపోయింది.

నవంబరు 18, మంగళవారం

జయశ్రీ కోపం తగ్గింది. పనసతొనలు తినే పిల్లలా ఒళ్ళో ఆట మీటను పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులతో పట్టుకునే మీట అది. ఎడమ బొటనవేలి కింద ఒక బొడిపె, కుడి బొటనవేలి కింద ఒక బొడిపె.

"ఈ ఎడమది ఏటి సేత్తాది?" అని అడిగాను. తెలిసే అడిగాను.

"నడక తాతా. నెమ్మదిగా తోస్తే నెమ్మదిగా నడుత్తాది. గట్టిగా తోస్తే పరుగు."

"కుడిది?"

"గురి."

"కుడి సెయ్యి లేకపోతే?"

"బాణం ఎయ్యలేం. నడవగలం, అంతే. జాడ తియ్యగలం."

"నడిత్తే సాలు."

"ఎవులికి తాతా?"

"ఎవులికీ కాదు."

ఆ గుంట మీట పక్కన పెట్టి ఫోను తీసింది. తర్వాత, "శనివారం విశాఖ ఎల్దామా?" అంది.

ఇవాళ మనసు బాగుంది. ఎందుకో రాయను.

నవంబరు 21

రేపు పొద్దున్నే బస్సు. గంగ తన పెళ్ళి కోక అంచు చింపి ఒక ఎర్ర ముక్క ఇచ్చింది. నేను చేలో నుంచి పసుపుపచ్చ వలిసె పువ్వులు కోసి నీళ్ళ సీసాలో పెట్టుకున్నాను. కొట్లో అందరూ నోటితో రంగులు చెబుతారు. నేను పువ్వుతో అడుగుతాను.

నవంబరు 22, శనివారం

ఇంత మంచి రోజు ఈ మధ్య లేదు. అన్నీ వరసగా రాస్తాను.

మొదటి కొట్లో ఒక మానిటరు విల్లులా వంగి ఉంది. పాడైపోయిందనుకున్నాను. "కర్వ్డ్ అండీ. వంకరగా ఉండటమే దీని గొప్ప," అన్నాడు అమ్మేవాడు. నేను నమస్కారం పెట్టి బయటికి నడిచాను. జయశ్రీ మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

రెండో కొట్టు పెద్దది. గోడ పొడవునా మానిటర్లు. అమ్మే అమ్మాయి మెడలో కార్డు ఉంది. కూడబలుక్కుని చదివాను, జాయ్స్. ఆమె వచ్చి మా బడ్జెట్ అడిగింది. ముందు రంగు చూపించమన్నాను. జయశ్రీ ఫోనులో మా చేను ఫొటో ఉంది. కొండ వాలు నిండా వలిసె పూలు. దాన్ని ఆరు మానిటర్లలో పెట్టించింది.

ఆరు మానిటర్లు, ఆరు పసుపులు. ఒకటి నిమ్మకాయ, ఒకటి పసుపుకొమ్ము, ఒకటి ముదిరిన గుమ్మడి. నేను సీసాలో నుంచి పువ్వు తీసి ఒక్కొక్క తెరకీ ఆనించి చూశాను. కొట్లోవాళ్ళు పని ఆపి నిలబడ్డారు.

"ఇలా ఎవరూ చూడరు తాతగారూ," అంది జాయ్స్.

"మరి ఏటి సూసి కొంటారమ్మా?"

ఆమే ఒక పువ్వు అడిగి తీసుకుని అటువైపు తెరలకి ఆనించడం మొదలుపెట్టింది.

నాలుగోదాని మీద పువ్వు పెట్టగానే పువ్వు మాయమైపోయింది. తెరలో పూలలో ఒక పువ్వు అయిపోయింది. గంగ ఎర్రముక్కకి కూడా అదే నెగ్గింది. ఇరవై నాలుగు అంగుళాలు, నూట నలభై నాలుగు హెర్ట్జ్, పదివేల లోపు.

కానీ పక్కనే అదే డబ్బుకి ఇరవై ఏడు అంగుళాలది ఉంది. నా మనసు దాని మీదకి పోయింది. రెండు సగాలు కావాలి కదా, పెద్దదైతే సగం కూడా పెద్దది.

"అందులో బొమ్మ కట్టే సుక్కలు దీనిలో ఉన్నన్నే తాతా. ఎక్కువ సోటుకి సాగదీసినారు," అంది జయశ్రీ.

అంటే అంతే రాగిపిండిలో నీళ్ళు ఎక్కువ పోసిన అంబలి. అయినా వదలబుద్ధి కాలేదు. స్టూలు అడిగి రెండు తెరల ముందూ ఎడమ వారకి, బాగా పక్కకి జరిగి కూర్చుని చూశాను. మంచం మీద పడుకుని చూసేవాడికి ఎలా ఉంటుందో అలా తల వాల్చి కూడా చూశాను. పెద్దదానిలో పువ్వులు పాలిపోయాయి. చిన్నదానిలో ఎక్కడి నుంచి చూసినా వలిసె పువ్వు వలిసె పువ్వే.

"ఇదే," అన్నాను.

జాయ్స్ బిల్లు రాయడానికి వెళ్ళింది. జయశ్రీ వైర్లు చూస్తోంది. ఎవరూ చూడటం లేదనుకుని టేపు తీశాను. కింది మూలలో ఆనించి పై మూలకి లాగాను. ఇరవై నాలుగుకి వడ్లగింజంత తక్కువ. తర్వాత రెండో మూల కూడా కొలిచాను. అంతే వచ్చింది. ఆ రెండోది ఎందుకు కొలిచానో నాకు తెలియదు. తెర కొనేవాడికి దానితో పనిలేదు. ఇల్లు కట్టేవాడికే పని.

తల తిప్పితే జయశ్రీ చూస్తోంది.

నవంబరు 23, ఆదివారం

గంగ సినిమా చూసింది. పెళ్ళి కోక ఎరుపంటే ఎరుపే. ఆ పెళ్ళి దగ్గర ఏడ్చింది, మళ్ళీ వెనక్కి తిప్పించి ఇంకోసారి ఏడ్చింది.

నేను ఆడాను. దుప్పి గెంతితే కాళ్ళు ముడుచుకోవడం, గాలిలో ఆగినట్టు ఉండటం, ముందు గిట్టలు నేల తాకడం, అన్నీ కనబడ్డాయి. మొదటి బాణానికే పడింది. ఊళ్ళో నలుగురు వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఇద్దరం ఆడాం. ఎడమ సగంలో జయశ్రీ పరిగెత్తింది. దుప్పులు పారిపోయాయి.

వరహాలరావు దొంగ కాదు. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.

నవంబరు 24

ఇవాళ వెళ్ళొచ్చు. పని ఉంది.

నవంబరు 26

పని ఉంది. ఏం పనో రాద్దామంటే గుర్తుకు రాలేదు.

నవంబరు 28, శుక్రవారం

ఒక్కణ్ణే ఆడుతున్నాను. ఎడమ సగంలో మనిషి కదలకుండా చెట్టు కింద నిలబడి ఉన్నాడు. గంగ తలుపు దగ్గర నిలబడి చూసి చూసి అంది.

"ఆ నిలబడ్డోడు ఎవులో నాకు తెలుసు ముసిలోడా. రెండేళ్ళు నిలబెట్టినావు సాలదేటి?"

"గుంట ఆడతాది ఆ సగం."

"గుంటకి ఆ సగం కావాలేటి? విశాఖ కొట్లో మంచం మీద పడుకున్నట్టు తల వాల్సి సూసినావంట. జయశ్రీ సెప్పింది. ఎవుడి మంచం అది?"

నేను తెర కట్టేశాను.

"ఆదివారం ఎల్తన్నాం," అంది. "నువ్వు రాకపోతే ఈ పెట్టి నేనే మోత్తాను."

మోసే పని నాది అన్నాను.

నవంబరు 30, ఆదివారం

మానిటరు దుప్పట్లో చుట్టి వీపుకి కట్టుకున్నాను. జయశ్రీ కంప్యూటరు డబ్బా గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. గంగ సంచిలో వైర్లు, ఆట మీటలు. వాగులో రాళ్ళ మీద నడుస్తుంటే, "జారితే పదివేలు తాతా," అంది జయశ్రీ. "జారితే నేను కింద, అది పైన," అన్నాను. ఆ వాగులోనే నేను పారేసిన గుంజలు కొట్టుకుపోయాయి.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. గడప దాటుతూనే నాలుగు మూలలూ చూశాను. తప్పు వెతికాను. దొరకలేదు. ఇల్లు సూటిగా ఉంది.

మల్లేశు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీపు సన్నబడిపోయింది. జయశ్రీ అన్నీ బిగించి ఆట పెట్టింది. వాగు చప్పుడు వినబడింది. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు. ఆ చప్పుడుకి అతను ఇటు తిరిగాడు.

నన్ను చూశాడు. తెరను చూశాడు.

"అదేటి?" అన్నాడు. మాట కొంచెం జారుతోంది.

"మానిటరు."

"ఎంతది?"

"ఇరవై నాలుగు అంగుళాలు."

అతని కంటికి ఏ రోగమూ రాలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కసారి చూశాడు. "ఇరవయ్యొకటే."

జయశ్రీ నోరు తెరిచింది. నేను చేత్తో ఆపాను. అది నేను చెప్పవలసిన మాట.

"అడ్డంగా కాదు బావా. మూల నుంచి మూలకి కొలవాల. అదే అసలు కొలత."

తెరలో వాగు పారుతోంది. మల్లేశు ఎడమ చెయ్యి చాపాడు. మొలలో నుంచి టేపు తీసి చివర ఆ చేతికిచ్చాను. గంగ అతన్ని లేపి కూర్చోబెట్టింది. టేపు చివరను కింది మూలకి ఆనించాడు. నేను పై మూలకి లాగాను.

"ఇరవై నాలుగుకి గింజంత తక్కువ," అన్నాను.

"ఆ రెండో మూల కూడా పట్టు."

పట్టాను. అంతే వచ్చింది.

"వంకర లేదు బావా," అన్నాడు.

ఆట మీట అతని ఒళ్ళో పెట్టాను. మొదట చెట్టుకి గుద్దుకున్నాడు. రెండుసార్లు వాగులో పడ్డాడు. మూడోసారి బొటనవేలు మెత్తబడింది. ఎడమ సగంలో మనిషి నడవడం మొదలుపెట్టాడు. పది అడుగులు వేసి ఆగడం, గడ్డి నలిగిన చోట వంగి చూడటం, మళ్ళీ నడవడం. నాకు తెలిసిన నడక. నేను వెనకాల నడిచాను. మడుగు దగ్గర దుప్పి కనబడింది. నారి లాగాను.

"ఆగు. గాలి మన వైపు నుంచి ఏత్తంది," అన్నాడు.

"ఆటలో గాలికి వాసనుండదు తాతా," అంది జయశ్రీ.

"నీకు తెలీదు," అన్నాం ఇద్దరం.

ఆగాం. దుప్పి నీళ్ళు తాగింది. తల ఎత్తి చూసింది. వెళ్ళిపోయింది. పొద్దు వాలేదాకా నడిచాం, ఒక్క బాణం కూడా వెయ్యలేదు.

"ఉత్త సేతులేనేటి ఇద్దరికీ?" అంది గంగ గడప దగ్గర నుంచి. "పేడ కలపమంటారా?"

మల్లేశు నవ్వాడు. మొహంలో ఎడమ సగమే నవ్వింది. అది చాలు.

డిసెంబరు 1

మానిటరు తేవడం మరిచిపోయాం. జయశ్రీ మరిచిపోలేదని, కావాలనే వదిలేసి వచ్చిందని నాకు తెలుసు. అక్కడ బల్ల కొంచెం ఎత్తు పెంచాలి, మంచం మీదకి సరిగ్గా కనబడాలి. పొద్దున్నే వాగు దాటాలి. పని ఉంది.